తుంటి ఎముక ఆపరేషన్ అయిన నాలుగో రోజుకే పడక పుండు పడుతుందా?

జారిపడి తుంటి ఎముక విరిగిన మీ అమ్మగారికి ఆపరేషన్ అయిన నాలుగో రోజుకే వెన్ను చివర చర్మం కమిలిందని, ఇంత త్వరగా పడక పుండు వస్తుందా అని అడిగారు. వస్తుంది. మూడేళ్ల క్రితం మా అత్తగారికి అలాగే వచ్చింది.

ఆవిడ తెల్లవారుజామున స్నానాల గదిలో పడిపోయి, మేము చూసేసరికి దాదాపు మూడు గంటలుగా గచ్చు మీదే ఉన్నారు. ఆ తరువాత అంబులెన్సులోనూ, ఎక్స్‌రే కోసం స్ట్రెచర్ మీదా, ఆపరేషన్ బల్ల మీదా ఆవిడ బరువంతా వెన్ను చివరి ఎముక మీద, మడమల మీదే పడింది. మేము మంచం పట్టిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాం గాని, పుండుకు మొదలు ఆ గచ్చు మీదేనని డ్రెస్సింగ్ చేసే నర్సమ్మ చెప్పేదాకా మాకు తోచలేదు. ఎముక ఒత్తిడికి నలిగిన కండకు రక్తం అందక ముందు లోపల దెబ్బతింటుందనీ, అది పైకి కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చనీ ఆమె వివరించారు.

కమిలిన చోట వేలితో నొక్కి చూడండి. నొక్కినా తెల్లబడకపోతే అది మొదటి దశ. చామనఛాయ చర్మంలో ఎరుపు సరిగా తెలియదు కనుక, ఆ చోటు చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. అక్కడ మర్దన మాత్రం చేయకండి. మేము కొబ్బరినూనె రాసి రుద్ది, నలిగిన కండను మరింత నలిపాం.

అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి చేశాం. కదిలిస్తే నొప్పితో ఏడుస్తున్నారని జాలిపడి, ఎయిర్ బెడ్ ఉంది కదా అనే ధైర్యంతో, ఆవిడను గంటల తరబడి వెల్లకిలా వదిలేశాం. ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చవలసిందే. నొప్పి మందు ఇచ్చిన అరగంటకు, ఏ పక్కకు ఎంతవరకు తిప్పవచ్చో సర్జన్‌ను అడిగి తెలుసుకుని, వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు ఒరిగించి, రెండు గంటలకోసారి మార్చడం మొదలుపెట్టాకే ఆవిడ పుండు మానుముఖం పట్టింది. తలవైపు మంచాన్ని ఎక్కువసేపు ఎత్తి ఉంచితే మనిషి కిందికి జారి చర్మం ఒరుసుకుంటుంది, కాబట్టి భోజనం కాగానే దించేవాళ్లం. తడిసిన డైపరును వెంటనే మార్చాలి. పప్పు, గుడ్లు, పాలు డాక్టరు వద్దంటే తప్ప తగ్గించకండి.

చర్మం చిట్లినా, నల్లబడినా, దుర్వాసన గాని జ్వరం గాని వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచండి. ముందు ఈ రోజే దుప్పటి తీసి వాటిని చూడండి. మా అత్తగారి ఎడమ మడమ మీది నల్లమచ్చను మేము పదకొండో రోజున గాని చూడలేదు.