డాక్టర్ సలహా: పొలమారితే నెత్తిన తట్టి ఊరుకోకండి

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. మా నాన్నగారికి 61 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఏడాదిన్నర కిందట కుడిచేతి పట్టు తగ్గి సుద్దముక్క జారిపోవడం మొదలైంది. ఊళ్లో వైద్యం చేసే ఆయన నరాల బలహీనత అని ఏడు నెలలు ఇంజెక్షన్లు చేశారు. తర్వాత హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు ఎమ్మారై, నరాల పరీక్షలు చేసి మోటార్ న్యూరాన్ వ్యాధి, అంటే కండరాలను కదిలించే నరాల కణాలు క్రమంగా క్షీణించే జబ్బు అన్నారు. రిలుజోల్ మాత్రలు రాశారు. కాలేయం పాడవుతుందని ఎవరో చెబితే నెలకే ఆపేశాం. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. మజ్జిగ తాగితే పొలమారుతోంది. 68 కిలోల మనిషి 59 అయ్యారు. పడుకుంటే ఆయాసమని రాత్రంతా పడక కుర్చీలోనే ఉంటున్నారు. నిద్ర కోసం పది రోజులుగా మందుల దుకాణంలో అడిగి మాత్ర తెచ్చి వేస్తున్నాం. ఇదే జబ్బుతో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 55 ఏళ్లు బతికారు కదా, ఆయనకు ఏ మందు వాడారు? ఆయన మాట్లాడిన కంప్యూటర్ ఇక్కడ దొరుకుతుందా? కొబ్బరితోట అమ్మి స్టెమ్‌సెల్ (మూలకణాల) చికిత్స చేయిద్దామనుకుంటున్నాం. మంచిదేనా? సమీకరణం రాయడానికి చెయ్యే లేనప్పుడు నేనెందుకు అంటున్నారు నాన్న.
– ఒక కుమార్తె, కోనసీమ

జవాబు: అమ్మా, మీరు హాకింగ్ గురించి అడిగారు. నా కళ్లు మాత్రం మీరు మధ్యలో చెప్పి వదిలేసిన నాలుగు మాటల దగ్గరే ఆగిపోయాయి. మజ్జిగ పొలమారడం, తొమ్మిది కిలోలు తగ్గడం, పడుకుంటే ఆయాసం, నిద్రమాత్ర. ముందు వీటి సంగతి చూద్దాం.

నిద్రమాత్రతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఈ రాత్రికి సంబంధించిన విషయం. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిని ఆడించే కండరాలే, ముఖ్యంగా ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్, బలం కోల్పోతాయి. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని బరువంతా దాని మీదికి వస్తుంది. కూర్చుంటే ఆ భారం తగ్గుతుంది. మీ నాన్నగారు పడక కుర్చీ వదలకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఊపిరి చాలక మెలకువ వస్తున్న మనిషికి నిద్రమాత్ర వేస్తే ఉన్న ఊపిరి కూడా మందగిస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు మగత ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే అనుమానం బలపడినట్టే. నేను చూడని రోగికి ఇక్కడి నుంచి మాత్రలు ఆపించడం, వేయించడం సబబు కాదు. మీ న్యూరాలజిస్టుకు ఈ రోజే ఫోన్ చేసి మాత్ర పేరు, మోతాదు చదివి వినిపించండి. వారు చెప్పినట్టు చేయండి.

కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో ఆక్సిజన్ యంత్రాలు కొన్నారు. మీ ఇంట్లో ఉంటే దాన్ని కూడా సొంతంగా తగిలించకండి. వేలికి పెట్టే పరికరంలో అంకె బాగానే కనిపిస్తూ ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరిగిపోవచ్చు. ఆయాసం ఒక్కసారిగా ఎక్కువైనా, పెదవులు నీలంగా మారినా, లేపితే సరిగా లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

ఇక పొలమారడం. మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. ఆయన విషయంలో అలా ఊరుకోవడానికి లేదు. నాలుక, గొంతు కండరాలు బలహీనపడితే పల్చటివే ముందు దారి తప్పుతాయి. నీళ్లు, మజ్జిగ, కాఫీ, కొబ్బరినీళ్లు అన్నీ ఆ కోవలోవే. అవి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో అది ముఖ్యమైనది. నిపుణులు చూసేదాకా చిక్కటి రాగి జావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం లాంటివి చిన్న చెంచాతో ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి మింగమనండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. భోజనం దగ్గర మాట్లాడించకండి, టీవీ కట్టేయండి. పొడిపొడిగా రాలేవి వద్దు. ఎవరో ఆత్రేయపురం నుంచి ప్రేమగా తెచ్చిన పూతరేకు కూడా ఆయన గొంతులో ప్రమాదమే.

68 నుంచి 59 అంటే 13 శాతం తగ్గుదల. పది శాతం దాటితే పొట్టలోకి చిన్న గొట్టం అమర్చే విషయం మేము కుటుంబంతో తప్పకుండా మాట్లాడతాం. గొట్టం అనగానే అందరూ బెదిరిపోతారు. అప్పుడే అంత దూరమా అంటారు. అప్పుడే పెట్టాలి! ఊదించి ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో ఉండవలసినదానిలో సగం కంటే కిందికి పడిపోయాక ఆ చిన్న ప్రక్రియే ప్రమాదకరం అవుతుంది. గొట్టం పెట్టినంత మాత్రాన నోటితో తినడం మానేయాలని లేదు. రుచికి రెండు ముద్దలు నోటితో తినవచ్చా లేదా అన్నది మింగే తీరు పరీక్షించి చెబుతారు. రాత్రిపూట ముఖానికి మాస్కు పెట్టి గాలి అందించే బైపాప్ యంత్రం అవసరమా అన్నదీ ఆ ఊపిరి పరీక్షతో, రక్తంలో వాయువుల పరీక్షతో తేలుతుంది.

మీరు లంకలో ఉంటారు కనుక మీకు బాగా తెలిసిన లెక్క ఒకటి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ ఊళ్లో మూడో హెచ్చరిక దాకా ఆగి పశువుల్ని గట్టుకు తోలేవారు ఎవరైనా ఉన్నారా? మీ నాన్నగారి విషయంలో మాట ముద్దకావడం మొదటి హెచ్చరిక అనుకుంటే, రెండోది ఇప్పటికే దాటింది. ఎర్రనీరు వచ్చి పంటు ఆగిపోయాక మంచంతో సహా పడవ ఎక్కించే పరిస్థితి తెచ్చుకోకండి. ఈ వారంలోనే కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించి స్పైరోమెట్రీ చేయించండి. ఆ కాగితం తీసుకుని మీ న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. బైపాప్ కొనవలసి వస్తే ఇన్వర్టర్ కూడా కొనండి. గాలివానకు మన దగ్గర కరెంటు ఎన్ని రోజులు పోతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు హాకింగ్. ఆయనకు జబ్బు బయటపడింది 1963లో, 21 ఏళ్ల వయసులో. రెండేళ్లకు మించి బతకడన్నారు. 2018 మార్చి 14న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మీరు చెప్పిన రిలుజోల్ అమెరికాలో అనుమతి పొందింది 1995లో. అంటే అప్పటికి ఆయన ఆ జబ్బుతో 32 ఏళ్లు గడిపారు. కాబట్టి మనకు తెలియని మందేదో ఆయన దగ్గర ఉందని వెతకవద్దు. చిన్న వయసులో మొదలై చాలా నెమ్మదిగా నడిచే రకం ఆయనది. ఊపిరి, మింగడం చాలా ఏళ్లు నిలబడ్డాయి. అది అదృష్టం, అందరికీ దక్కదు. ఈ జబ్బులో ఎక్కువమందికి లక్షణాలు మొదలైన మూడు నుంచి ఐదేళ్లే ఉంటాయి. పదేళ్లు దాటేవారు పదిమందిలో ఒకరు. మీ నాన్నగారు ఏ కోవలోకి వస్తారో ఉత్తరం చూసి చెప్పేవారిని నమ్మకండి, నేనైనా సరే.

అదృష్టం కానిదీ ఒకటుంది. 1985లో జెనీవా వెళ్లినప్పుడు ఆయనకు న్యుమోనియా వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి యంత్రం ఆపేయమంటారా అని అక్కడి వైద్యులు భార్య జేన్‌ను అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. విమానంలో కేంబ్రిడ్జికి తీసుకెళ్లారు, అక్కడ గొంతుకు రంధ్రం చేసి ఊపిరి నిలబెట్టారు. ఉన్న కాస్త మాట దాంతో పోయింది, ఆపైన ఇరవైనాలుగు గంటలూ నర్సులు అవసరమయ్యారు. ఆ తర్వాత ఆయన మరో 33 ఏళ్లు బతికారు. అందరూ ఆయన చక్రాల కుర్చీని, యంత్రం గొంతునూ గుర్తుపెట్టుకున్నారు. వైద్యుడిగా నాకు ఆ శుభ్రం చేసిన గొంతు రంధ్రం, వేళ తప్పని ఆహారం, రాత్రి కాపలా కాసిన నర్సులు కనిపిస్తారు.

రిలుజోల్ ఆపేసినందుకు మాత్రం కోప్పడకుండా ఉండలేను. అది జబ్బును నయం చేయదు. సగటున కొన్ని నెలలు కలిపే మందు, అంతే. కాలేయం మీద ప్రభావం ఉండవచ్చు కనుకనే మొదటి మూడు నెలలు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయిస్తాం. పరీక్ష చేయించకుండా, రాసిన డాక్టరుకు చెప్పకుండా, పక్కింటివారి మాట మీద ఆపడం ఏమిటమ్మా? కాలేయానికి భయపడి మందు మానేసిన ఇంట్లోనే దుకాణంలో అడిగి తెచ్చిన నిద్రమాత్ర నిర్భయంగా వేస్తున్నారు. మళ్లీ మొదలుపెట్టాలా అన్నది కూడా ఆ డాక్టరునే అడగండి.

ఆ ఏడు నెలల ఇంజెక్షన్ల గురించి ఒక మాట. నా దగ్గరికి వచ్చే పదిమందిలో నలుగురు నరాల బలహీనత అంటూ వస్తారు. ఆ పేరుతో వైద్య పుస్తకాల్లో ఏ జబ్బూ లేదు. అది రోగం పేరు తెలియనప్పుడు అందరికీ పనికొచ్చే గొడుగు. దాని కింద మధుమేహం, థైరాయిడ్, మెడలో నొక్కుకుపోయిన వెన్నుపాము, పక్షవాతం, దిగులు అన్నీ తలదాచుకుంటాయి. ఎర్రటి బి12 ఇంజెక్షన్ బి12 లోపం ఉన్నవారికి మంచి మందే, లేనివారికి ఎర్రనీళ్లు. తిమ్మిరి, మంట లేకుండా కండ కరిగిపోతూ, చెయ్యో కాలో పట్టు తప్పుతూ ఉంటే ఇంజెక్షన్లతో నెలలు గడపకూడదు, న్యూరాలజిస్టుకు చూపించాలి. మీ నాన్నగారికి ఏడు నెలల ముందే తెలిసి ఉంటే జబ్బు ఆగేదని చెప్పను, ఆగేది కాదు. గొట్టం, మాస్కు, గొంతు గురించి తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి దొరికేది.

ఇది చదివి కండ అదిరిన కుర్రవాళ్లంతా కంగారు పడవద్దు. ఒట్టి అదురు, బలం తగ్గకుండా ఉంటే, చాలావరకు నిద్రలేమి, ఆందోళన, కాఫీలదే. ఇరవై ఏళ్ల లోపు అబ్బాయికి ఒక చెయ్యి సన్నబడితే అది హిరయామా వ్యాధి కావచ్చు. కొన్నేళ్లు పెరిగి దానంతట అదే ఆగుతుంది, అయినా మెడ వంచి తీసే ఎమ్మారై అవసరం. దక్షిణాదిలో చిన్న వయసులో వచ్చి, చెవుడుతో కలిసి, చాలా నెమ్మదిగా నడిచే మరో రకం ఉంది. దానికి మద్రాసు పేరే పెట్టారు. పేరు ఒకటే అయినా నడక వేరు. అందుకే ఇంటర్నెట్‌లో పోల్చుకోవడం మంచిది కాదు.

కొబ్బరితోట అమ్మకండి. ఈ జబ్బుకు స్టెమ్‌సెల్ చికిత్స మన దేశంలో ఆమోదం పొందలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతావాటికి దాన్ని అనుమతి పొందిన పరిశోధనలోనే వాడాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఆ తోట డబ్బు రేపు బైపాప్‌కు, రాత్రిపూట చూసుకునే మనిషి జీతానికి కావాలి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రానికీ దరఖాస్తు చేయండి.

సమీకరణం రాసే చెయ్యి లేదంటున్న మాస్టారికి నా తరఫున ఇది చెప్పండి. 1970 నవంబరులో, కూతురు లూసీ పుట్టిన కొద్ది రోజులకు, హాకింగ్ రాత్రి మంచం ఎక్కుతున్నారు. జబ్బు వల్ల ఆ పనికి చాలాసేపు పట్టేది. ఆ ఆలస్యంలోనే కృష్ణబిలం (బ్లాక్ హోల్) సరిహద్దు వైశాల్యం ఎన్నటికీ తగ్గదన్న ఆలోచన తట్టింది. కాగితం మీద పొడవాటి లెక్కలు చేయలేక ఆయన ఆకారాలతో, బొమ్మలతో మనసులోనే లెక్కలు వేయడం అలవాటు చేసుకున్నారు. 1974లో కృష్ణబిలాలు వేడిని వెలువరిస్తాయని, బరువు తగ్గేకొద్దీ ఇంకా వేడెక్కుతాయని చెప్పారు. 1979 నుంచి 2009 దాకా ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న ఆచార్య పీఠంలో ఉన్నారు. ఇదంతా మీ నాన్నగారికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ట్యూషన్ పిల్లల్ని మాన్పించారేమో, మళ్లీ రమ్మనండి. లెక్క వాళ్లు పలక మీద వేస్తారు, తప్పు ఎక్కడుందో ఆయన చూపుతారు. అకారణంగా నవ్వు, ఏడుపు ముంచుకొస్తుంటే అదీ జబ్బులో భాగమే, మందు ఉంది, డాక్టరుకు చెప్పండి.

కంప్యూటర్ సంగతి చివరికి మిగిలింది. హాకింగ్ మొదట వాడిన ప్రోగ్రామును వాల్టర్ వోల్టోజ్ అనే ఆయన ఇదే జబ్బు ఉన్న తన అత్తగారి కోసం తయారుచేశారు. చేతిలో మీట నొక్కి నిమిషానికి పదిహేను మాటలు ఎంచుకునేవారు. చెయ్యి పోయాక కళ్లజోడుకు అమర్చిన సెన్సర్ చెంప కండరం కదలికను పట్టేది. ఇంటెల్ ఆయన కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చింది, విండోస్ కంప్యూటర్ మీద నడుస్తుంది. తెలుగులో టైపు చేస్తే చదివి వినిపించే సౌకర్యం ఇప్పుడు మామూలు ఫోన్లలోనే ఉంది. దానికంటే ముందు, మాట పూర్తిగా పోకముందే, ఆయన గొంతు రికార్డు చేయండి. మనవళ్ల పేర్లు, మీ అమ్మగారిని పిలిచే పిలుపు, పాఠంలో ఆయన తరచూ వాడే మాటలు.

ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది. గొంతు పోయిన కొత్తలో హాకింగ్ అక్షరాల అట్ట వాడారు. ఎదుటివారు ఒక్కో అక్షరం చూపిస్తుంటే సరైనది రాగానే కనుబొమ్మ ఎత్తేవారు. తెలుగుకు అట్ట కొంచెం తెలివిగా గీయాలి. అచ్చులు ఒక వరుస, తర్వాత క వర్గం, చ వర్గం అలా వరుసలు, పక్కన గుణింతపు గుర్తులు. ముందు వరుస అడగండి, తర్వాత అక్షరం. వత్తుల జోలికి పోవద్దు, సందర్భాన్ని బట్టి మీకే అర్థమవుతుంది. అట్ట పైభాగాన రోజూ కావలసిన మాటలు పెద్ద అక్షరాలతో ముందే రాసిపెట్టండి. దాహం, దగ్గు, ఆయాసం, పక్కకు తిప్పు, దోమ. ఆఖరిది నవ్వులాటకు చెప్పలేదు. చెయ్యి లేవని మనిషి ముక్కు మీద సాయంత్రం పూట లంక దోమ వాలితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం చేతులు కట్టుకుని కూర్చుని చూడండి.