పాడుబడిన నీటి ట్యాంకు ఆవరణను స్థానిక మొక్కల పార్కుగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది ఇది: ఒడిశాలోని రాయగడలో మీ వీధి చివర ఏళ్ళ తరబడి వాడని నీటి ట్యాంకు ఆవరణ ఉంది. చెత్త, ముళ్ళపొదలు, పాముల భయం. మున్సిపాలిటీ వారు నోటిమాటగా అభ్యంతరం లేదన్నారు. మన ప్రాంతపు మొక్కలతో పార్కు చేయాలంటే ముందు ఏం చేయాలి, ఏవి నాటాలి?

నా మొదటి సలహా, జేసీబీని పిలవకండి.

మేము పిలిచాం. ఒడిశాలోనే, పర్లాకిమిడిలో మా వీధి వెనక ఒక పాత ప్రభుత్వ గోదాము ఆవరణ ఉంది, ముప్పై ఎనిమిది సెంట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారుజామున దాని రేకులు ఎగిరిపోయాయి. ఆ తరువాత చుట్టుపక్కల విరిగిన కొమ్మలు, పెంకులు, ఇటుక ముక్కలు అన్నీ అక్కడికే చేరాయి. 2021 ఏప్రిల్‌లో పదకొండు కుటుంబాల వాళ్ళం తలా కొంత వేసుకుని ఒక్క రోజులో ఆ స్థలాన్ని చదును చేయించాం. సాయంత్రానికి మైదానంలా కనిపిస్తే ఎంతో సంబరపడ్డాం. తొలకరికి ఆ నేలంతా బురదైంది, ఎండ కాయగానే రాయిలా బిగుసుకుంది. పైనున్న నల్లమట్టి చెత్తతో కలిసి ట్రాక్టరులో వెళ్ళిపోయింది, అడుగున ఉండే గరపనేల పైకి తేలింది. ఆ ఏడాది నాటిన డెబ్భై మొక్కల్లో మరుసటి వేసవిని దాటినవి పందొమ్మిది.

ఇంకో నష్టం సంగతి ఆలస్యంగా తెలిసింది. కూలిన గోడ అడ్డం వచ్చి యంత్రం చేరలేని ఒక మూల మిగిలిపోయింది, పది పన్నెండు అడుగుల ముక్క. సంత రోజున కొండచీపుర్లు అమ్ముకోవడానికి వచ్చే ఒక సవర అవ్వ ఆ గోడ నీడన కూర్చుంటూ ఉండేది. ఒకనాడు ఆమె ఆ మూలలోని మొక్కలను ఒక్కొక్కటిగా చూపించింది. పిట్టలు, గబ్బిలాలు వేసిన గింజల నుంచి లేచిన వేపలు నాలుగు, ఒక నేరేడు, ఒక మేడి. దగ్గుకు వాడే అడ్డసరం పొద. రాళ్ళ మీద నల్లేరు. గోడను పట్టుకుని ఈశ్వరి తీగ, దాని ఆకుల మీద సీతాకోకచిలుక పురుగులు. అలాంటివి ఆ ఆవరణ అంతటా ఉండి ఉంటాయి. చెత్త అనుకుని మేమే తోడి పారేశాం. ఈనాడు మా పార్కులో అన్నిటికన్నా ఎత్తుగా, బలంగా ఉన్నవి ఆ మూలలో మిగిలిన వేపలే. అందుకే మిమ్మల్ని ఇంత గట్టిగా హెచ్చరిస్తున్నాను. చెత్తను చేతులతో, తట్టలతో ఎత్తించండి. ఒక వానకాలమంతా ఏమి మొలుస్తుందో చూడండి. ఉంచదలచిన ప్రతి మొక్కకూ ఎర్రగుడ్డ పీలిక కట్టండి. నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎటు పారుతుందో గుర్తు పెట్టుకోండి.

ఆ ఏడాదిలోనే కాగితాల పని చూసుకోవచ్చు. నోటిమాట ఎంతమాత్రం చాలదు. భూలేఖ్‌లో, అంటే ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటులో, ప్లాటు నంబరు కొట్టి ఖతియాన్ (హక్కుల పత్రం) చూడండి. యజమాని ఎవరు, కిసమ్ (నేల రకం) ఏమని రాసి ఉంది అన్నవే ముఖ్యం. మున్సిపాలిటీ వాడుకున్న స్థలమైనా రికార్డులో వేరే శాఖ పేరు ఉండవచ్చు. మాకు అదే జరిగి ఏడు నెలలు పోయాయి. విస్తీర్ణం డిసిమిల్‌లలో ఉంటే కంగారు పడకండి, అది మన సెంటే. అమీన్ (సర్వేయరు) చేత హద్దులు కొలిపించి, కౌన్సిల్ తీర్మానం నకలు చేతికి వచ్చాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ముళ్ళపొదలు అన్నారు. మీ వైపు అది చాలావరకు లాంటానా అయి ఉంటుంది. దాన్ని మొదలంటా నరికితే మళ్ళీ చిగురిస్తుంది, తగలబెడితే ఇంకా గుబురుగా లేస్తుంది. నేలకు ఒకటి రెండు అంగుళాల కింద తల్లివేరును తెగ్గొట్టి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్ళతో సహా పీకాలి. దాని వల్ల ఒళ్ళు దురద, కొందరికి ఉబ్బసం వస్తాయి. పీకిన చోట తగిరస విత్తనాలు చల్లితే అది వయ్యారిభామను పైకి రానివ్వదు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ దీనికి దగ్గరదారి లేదు. జోధ్‌పూర్ కోట పక్కన 2006లో అక్కడి స్థానిక మొక్కలతో రావ్ జోధా ఉద్యానం మొదలుపెట్టినవారు కూడా ముందుగా చేసింది సర్కారు తుమ్మను రాతి సందుల్లోంచి వేళ్ళతో సహా పెకలించడమే.

ఇక ఏవి నాటాలి. స్థానికం అంటే మా రాష్ట్రంలో దొరికేది అని చాలామంది అనుకుంటారు. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు ఉంది, దాని వాసన అంటే నాకు ప్రాణం. అయినా అది తీరపు ఇసుకనేలల పొద, కొండల నడుమ ఉన్న మీ రాయగడకు అక్కరలేదు. మీ ఊరి చుట్టూ ఉన్న కొండ అంచుకు ఒక ఆదివారం వెళ్ళి అక్కడ ఏమున్నాయో చూడండి. మోదుగ, రేల, ఉసిరి, ఇప్ప కనిపిస్తాయి. బల్లల దగ్గరికి కానుగ మంచిది. నీడ దట్టం, పశువులు పెద్దగా ముట్టవు, నేలకు నత్రజని ఇస్తుంది. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది కానీ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. నేరేడును నడకదారికి దూరంగా పెట్టండి, రాలిన పండ్ల మీద పెద్దవాళ్ళు జారిపడతారు. ఏడాకుల పాల పూత వాసన రాత్రిపూట కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది, ఇళ్ళకు ఆనుకుని వద్దు. పొదల్లో వావిలి, తంగేడు, నూరువరహాలు సరిపోతాయి. ఒక మూల జిల్లేడును బతకనివ్వండి, సీతాకోకచిలుకలకు అది కావాలి. గన్నేరు, పచ్చగన్నేరు మాత్రం పిల్లలు తిరిగే చోట ఉండకూడదు, రెండూ విషమే.

ఎవరో ఒకరు కోనోకార్పస్ మొక్కలు ఉచితంగా ఇస్తామంటారు. అది బయటి దేశపు చెట్టు, దయచేసి వద్దనండి. తురాయి కూడా బయటిదే, మడగాస్కర్ నుంచి వచ్చింది, కొమ్మలు పెళుసు. తిత్లీకి మా వీధిలో రెండు తురాయిలు కూలాయి. అయితే మీ ఆవరణలో ఇప్పటికే ఒకటి నిలిచి ఉంటే కొట్టకండి, మిగతావి ఎదిగేదాకా నీడ ఇస్తుంది. గజానికి మూడు నాలుగు మొక్కలు కిక్కిరిసేలా నాటే మియావాకీ పద్ధతి గురించి కూడా మీకు చెబుతారు. చిన్న అడవి కావాలంటే అది సరే, ముసలివాళ్ళు కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి చోటు కావాలంటే పనికిరాదు. మేము మూడో వంతు నేలను ఖాళీగా వదిలేశాం. అక్కడే క్రికెట్టు, వినాయక చవితి పందిరి. ఆ ఖాళీ ఉన్నందుకే మొక్కల జోలికి ఎవరూ రారు.

గోతులు మే నెలలోనే రెండడుగుల లోతు తీయించి ఎండకు వదిలేయండి. రెండు మంచి వానలు పడ్డాక, జూలైలో నాటండి. అక్టోబరులోపు ప్రతి మొక్కకూ గట్టి కర్ర ఊతం ఉండాలి. అసలు పరీక్ష మొదటి రెండు వేసవులు. మొక్క పక్కన అడుగున చిల్లి ఉన్న పాత మట్టికుండ పాతి, చిల్లికి గుడ్డ వత్తి పెట్టి, నాలుగు రోజులకొకసారి నింపేవాళ్ళం. మొదట వంతులు వేసుకున్నాం, మే నెల వచ్చేసరికి వంతులు నిలవలేదు. రెండో ఏడు వీధిలోని ఒకామెకు నెలజీతం ఇచ్చి అప్పగించాక ఆ వేసవిలో ఎండిపోయినవి మూడే. వీలైతే పెయింటు మీద పెట్టే డబ్బును ఈ జీతానికి మళ్ళించండి. రాలిన ఆకులను కాల్చనివ్వకండి, మొదళ్ళ చుట్టూ కప్పించండి.

మొక్కల పేర్ల పలకలు తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాయించండి. మా దగ్గర కానుగ కింద కరంజ, రేల కింద సునారి, పొగడ కింద బఉళ అని ఉంటుంది. మా ఒడియా పొరుగింటివారు మొదటిసారి లోపలికి వచ్చింది ఆ పలకలు సరిగా రాశామా లేదా అని చూడటానికే. రెండు అక్షరాలు దిద్దారు, ఆ మరుసటి వారం నుంచి నీళ్ళు పోయడానికి వస్తున్నారు.

మా కానుగ కాయలు ఏప్రిల్‌లో కోస్తాం. కావాలంటే ఒక సంచీ గుణుపురం బస్సులో ఇచ్చి పంపుతాను, అక్కడి నుంచి మీరు తెప్పించుకోండి. వేప గింజలు పంపలేను, రెండు మూడు వారాలకే మొలకశక్తి పోతుంది. అవి మీ ఊళ్ళోనే, చెట్టు కింద పండ్లు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, ఆ వారంలోనే వేసుకోండి.