రెండు దశల రాకెట్‌లో బూస్టర్ దానంతట అదే విడిపోతుందా?

మీ బీటెక్ టీమ్ 75 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రెండు దశల రాకెట్ తయారుచేస్తోంది, బూస్టర్ (కింది దశ) డ్రాగ్‌కే, అంటే గాలి నిరోధానికే విడిపోతుందా, లేక దాన్ని విడగొట్టడానికి బ్లాక్ పౌడర్ (నల్లమందు) ఛార్జ్ పెట్టాలా అని అడిగారు. రెండూ పనిచేస్తాయి. కానీ ముందు చూసుకోవాల్సింది కప్లర్ బిగువు, అంటే రెండు దశలను కలుపుతూ లోపల దూరే గొట్టం ఎంత బిగుతుగా ఉందన్నది. అది నేను నష్టపోయి తెలుసుకున్నాను.

మోటార్ మండుతున్నంతసేపూ బూస్టర్ పై దశను నెడుతూ ఉంటుంది కాబట్టి విడిపోదు. మంట ఆగాక ఖాళీ బూస్టర్ తేలికైపోతుంది, దాని ఫిన్లేమో (తోక దగ్గరి రెక్కలు) పెద్దవి. పై దశలో ఇంధనం ఇంకా నిండుగా ఉంటుంది. అందుకే బూస్టర్ వేగం ముందు తగ్గి అది వెనకబడుతుంది. మీ బూస్టర్ బరువుగా, ఫిన్లు చిన్నవిగా ఉంటే ఇలా జరగదు. అప్పుడు ఛార్జ్ తప్పదు.

నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు సెలవులకు వచ్చి, మే నెలలో కూకట్‌పల్లిలో మా డాబా మీద కార్డ్‌బోర్డ్ కప్లర్‌ను ఎమరీ పేపర్‌తో రుద్ది సరిచేశాను. పై దశ పట్టుకుని ఎత్తితే బూస్టర్ మెల్లగా జారేది. చాలా సంతోషపడ్డాను. తర్వాత టెక్సాస్‌కు తిరిగి వెళ్లాక, మెక్సికో గల్ఫ్ తీరం వైపు ఒక పొలంలో, పొగమంచు పట్టిన తెల్లవారుజామున ఎగరేశాం. తేమకు కార్డ్‌బోర్డ్ ఉబ్బింది. లాంచ్ ప్యాడ్ దగ్గర మళ్లీ జారించి చూడాలని నాకు తట్టలేదు. బూస్టర్ ఊడలేదు, పై మోటార్‌ను అంటించే టైమర్ మాత్రం తన పని చేసేసింది. పై మోటార్ అతుక్కుని ఉండగానే అంటుకుని, జాయింట్‌ను పేల్చుకుంటూ వెళ్లింది. బూస్టర్ పారాచూట్ కాలిపోయింది. అప్పటికే పక్కకు ఒరిగిన పై దశ ఏటవాలుగా దూసుకుపోయింది. అటువైపు మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఇప్పుడు ఫైబర్‌గ్లాస్ కప్లరే వాడమంటాను. లోపలికి కనీసం ట్యూబ్ వ్యాసమంత, అంటే మీకు 75 మిల్లీమీటర్లు దిగాలి. పొట్టిగా ఉంటే జాయింట్ దగ్గర రాకెట్ వంగుతుంది. వదులుగా జారాలి కానీ అటూఇటూ ఊగకూడదు. లోపల చిక్కుకున్న గాలి పోవడానికి చిన్న రంధ్రం పెట్టండి. ఎగరేసే రోజు పొద్దున, అక్కడి గాలిలోనే మళ్లీ జారించి చూడండి.

ఇక ఇగ్నిషన్‌ను ఒక్క టైమర్‌కే వదలొద్దు. రాకెట్ ఎంత ఒరిగిందో చూసి, హద్దు దాటితే పై మోటార్‌ను అంటించని ఫ్లైట్ కంప్యూటర్ కావాలి. మేము తర్వాత 20 డిగ్రీలు పెట్టుకున్నాం. వెలగని పై దశ పారాచూట్‌తో దిగితే రాకెట్ మిగులుతుంది, మళ్లీ ఎగరేయొచ్చు.

జాయింట్ పరీక్ష వరకు హైదరాబాద్‌లో, మోటార్ లేకుండా, కాలేజీ వర్క్‌షాప్‌లోనే చేయొచ్చు. మోటార్, బ్లాక్ పౌడర్ మాత్రం అనుమతి లేకుండా ఇక్కడ ముట్టుకోకండి. రెండు దశల బరువులు, ఫిన్ల కొలతలు రాయండి, డ్రాగ్ లెక్క నేనూ వేసి చూస్తాను.