జూ షోలలో ప్రమాదకరమైన పక్షులను వాడటం సబబేనా?

పెద్ద వేటపక్షులను జనం తలల మీదుగా ఎగరనివ్వడం సబబు కాదనే నా అభిప్రాయం. 2016లో ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ డెజర్ట్ పార్కు షోలో ఒక వెడ్జ్-టెయిల్డ్ ఈగల్ ప్రేక్షకుల్లో ఉన్న పిల్లాడి తలను గోళ్లతో పట్టేసింది. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటే పక్షి అది! అదృష్టం కొద్దీ ముఖం మీద చిన్న గాయంతో బయటపడ్డాడు. ఆ పక్షిని షో నుంచి తప్పించారు.

అసలు ఈ పక్షులు ట్రైనర్ పిలిస్తే వచ్చేది ఎక్కువగా తిండి కోసమే. అందుకే వాటిని తరచూ తూకం వేసి, మాంసాన్ని గ్రాముల లెక్కన పెడతారు. కడుపు నిండితే చెట్టెక్కి కూర్చుంటుంది, పిలిచినా దిగదు. తిండి మరీ తగ్గిస్తే నీరసించిపోతుంది. చేయి తిరిగినవాళ్లు హాని లేకుండానే నడపగలరు, నిజమే. కానీ టికెట్లు అమ్ముడైపోయిన రోజున "ఇవాళ దీనికి మూడ్ లేదు" అని ఆపేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఎగరలేని భారీ పక్షి కాసోవరీని అయితే షోకి అస్సలు తేకూడదు. దాని కాలి లోపలి వేలి గోరే దాదాపు 12 సెంటీమీటర్లు. 2019లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక కాసోవరీ కిందపడిన తన యజమానినే చంపేసింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మనుషులపై జరిగిన 150 కాసోవరీ దాడులను పరిశీలిస్తే, నాలుగింట మూడొంతులు అంతకుముందు మనుషులు తిండి పెట్టిన పక్షులు చేసినవే. స్టేజీ మీద చేత్తో పండు పెట్టి నేర్పేదీ ఆ అలవాటే కదా. దాన్ని కంచె అవతల నుంచి చూపిస్తే చాలు.