టెక్సాస్‌లో తాతగారి పేరు మీద 640 ఎకరాలు, జనాభా లెక్కల్లో మాత్రం ఆయన లేరు. ఎందుకు?

ప్రశ్న: మా కోడలి వాళ్లది పాత టెక్సాస్ కుటుంబం. పూర్వీకుడు 1836లో టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయిన యుద్ధంలో సైనికుడు. ఒక కౌంటీ మ్యాపులో ఆయన పేరుతో 640 ఎకరాల సర్వే (కొలిచి హద్దులు గీసిన భూమి) ఉంది. కానీ అక్కడి 1850 జనాభా లెక్కల్లో ఆయన కనబడడు. అదే పేరున్న వేరే మనిషా?

జవాబు: అలా తేల్చేయకండి. మ్యాపు మీద పేరుంటే ఆ భూమి హక్కు మొదట ఆయనకు వచ్చిందని మాత్రమే అర్థం, అక్కడ కాపురమున్నాడని కాదు. టెక్సాస్ సర్కారు ఇచ్చింది పొలం కాదు, ఇన్ని ఎకరాలకు హక్కుందని చెప్పే సర్టిఫికెట్. ఎవరికీ చెందని సర్కారు భూమి ఎక్కడుంటే అక్కడ కొలిపించుకోవచ్చు. చాలామంది ఆ కాగితాన్నే అమ్మేసుకున్నారు. కొన్నవాడు పట్టా తన పేరున తీసుకున్నా, సర్వేకి మాత్రం మొదటి మనిషి పేరే నిలిచిపోయింది.

640 అన్న అంకె ఒక్కటే చూస్తే బోల్తా పడతారు. సైన్యంలో ప్రతి మూడు నెలలకు 320 ఎకరాల చొప్పున బౌంటీ (సైనిక సేవకు ఇచ్చే భూమి) ఇచ్చారు, 1,280 దాకా. అంటే ఆరు నెలలకు 640. ఆ యుద్ధాన్ని తేల్చేసిన శాన్ జసింటో పోరులో ఉన్నవాళ్లకు వేరేగా ఇచ్చిన డొనేషన్ (బహుమతి భూమి) కూడా 640. సైన్యంతో సంబంధం లేని హెడ్‌రైట్‌లోనూ (వచ్చి స్థిరపడినవాళ్లకు ఇచ్చిన భూమి) అదే అంకె వస్తుంది: 1836 మార్చి 2 (టెక్సాస్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు) తర్వాత, 1837 అక్టోబరు 1 లోపు వచ్చిన ఒంటరి మగవాడికి 640, ఆ తర్వాత 1840 లోపు వచ్చిన కుటుంబ పెద్దకూ 640. 1836 మార్చి 2 నాటికే అక్కడుంటే లెక్క చాలా పెద్దది: కుటుంబ పెద్దకు సుమారు 4,605 ఎకరాలు, ఒంటరికి 1,476.

కాబట్టి ముందు ఆస్టిన్‌లోని జనరల్ ల్యాండ్ ఆఫీసు వెబ్‌సైటులో కౌంటీ, అబ్‌స్ట్రాక్ట్ నంబరు (కౌంటీలో ఒక్కో సర్వేకి ఇచ్చిన నంబరు) పెట్టి వెతకండి. ఫైలు పేరులోనే భూమి జిల్లా, పైన చెప్పిన వాటిలో ఏ తరగతో ఉంటాయి, 'బెక్సార్ బౌంటీ' లాగా. అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

ఫైల్లో సర్టిఫికెట్, సర్వేయరు ఫీల్డ్ నోట్సు, చేతులు మారిన కాగితాలు చూడండి. ఫీల్డ్ నోట్సులో 'ఫలానా ఓక్ చెట్టు నుంచి ఇన్ని వారాలు' అని ఉంటుంది. వారా అంటే ఏడు రోజులు కాదు లెండి, 33⅓ అంగుళాల కొలత. వంశచరిత్రకు అది పెద్దగా పనికిరాదు. అసలు సరుకు బదిలీ కాగితాల్లో ఉంటుంది. ఆయన బతికుండగా అమ్మితే సంతకమో వేలిముద్ర బదులు పెట్టిన ఇంటూ గుర్తో, కౌంటీ పేరో దొరుకుతాయి. చనిపోయాక వారసులు అమ్మితే పిల్లల పేర్లు, అల్లుళ్ల పేర్లు కూడా వస్తాయి. కాగితం రాసిన కౌంటీ పట్టుకుని అక్కడి కోర్టులో వారసత్వ రికార్డులు తిరగేయండి.

1850కి ముందు టెక్సాస్‌లో అమెరికా జనాభా లెక్క జరగలేదు, అందుకని ఆ కాలానికి కౌంటీ పన్ను జాబితాలే దిక్కు. సైనిక రికార్డు దొరక్కపోతే కంగారుపడకండి. 1855లో సైనిక రికార్డులుండే అడ్జుటెంట్ జనరల్ కార్యాలయం తగలబడి చాలా కాగితాలు పోయాయి. భూమి హక్కుల దావాలు పరిశీలించడానికి మరుసటి ఏడు పెట్టిన కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ ఫైళ్లలో తోటి సైనికుల వాంగ్మూలాలు వెతకండి. రాష్ట్ర గ్రంథాలయంలోని రిపబ్లిక్ క్లెయిమ్స్‌లో (టెక్సాస్ వేరే దేశంగా ఉన్నప్పటి సర్కారు నుంచి రావలసిన డబ్బు కోసం పెట్టుకున్న దావాలు) జీతం కాగితాలు కూడా ఉంటాయి.

ఒకే పేరున్న ఇద్దరిని విడదీయాలంటే కెప్టెన్ పేరు, సాక్షుల పేర్లు, సంతకం పోల్చండి. పేరు స్పెల్లింగును మాత్రం నమ్మకండి. స్కాన్‌లో సర్టిఫికెట్ ముందువైపే ఉంటే వెనకవైపు కాపీ కూడా అడిగి తెప్పించుకోండి, బదిలీ చాలాసార్లు అక్కడే రాసేవారు.