జుకినీకి పూలున్నాయి, పిందె నిలవడం లేదు

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. దీపావళి వెళ్లిన వారానికి పెరట్లో నాలుగు జుకినీ గింజలు పెట్టాను. మొక్కలు గుబురుగా పెరిగి పూలు విరగబూశాయి గాని, వేలెడు పిందె పసుపుబారి కొన నుంచి కుళ్లిపోతోంది. ఆకుల మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే తెగులనుకొని రోజు విడిచి రోజు పొద్దున్నే మందు కొడుతున్నాను. నిలిచిన రెండు కాయలను సొరకాయలాగే కుక్కరులో పెడితే జావైపోయాయి. లోపం నేలలో ఉందా, నా వంటలో ఉందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ నేలలో లోపం లేదు, మీరు విత్తిన అదను కూడా మంచిదే. చూడడానికి కీరదోసలా ఉన్నా జుకినీ గుమ్మడి జాతి మొక్క. అమెరికా ఖండాల నుంచి ఐరోపాకు చేరిన గుమ్మడి జాతి నుంచి 19వ శతాబ్దం చివర ఇటలీలో, మిలాన్ పరిసరాల్లో ఈ రకం రూపుదిద్దుకుంది. ఇటాలియన్ భాషలో గుమ్మడిని జుక్కా అంటారు, జుకినీ అంటే చిన్న గుమ్మడి. కనుక గుమ్మడిలాగే దీనికీ మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా పూస్తాయి. సన్నని పొడవాటి కాడ మీద నిలిచేది మగ పువ్వు, రేకుల కింద చిటికెన వేలంత కాయ ముందే అమరి ఉండేది ఆడ పువ్వు. ఆ చిన్న కాయను చూసి పిందె పడిందని అనుకుంటాం గాని, తేనెటీగ మగ పువ్వు పుప్పొడిని తెచ్చి అంటించకపోతే అది మూడు నాలుగు రోజుల్లో మీరు చెప్పినట్టే పసుపుబారి కుళ్లుతుంది. పువ్వు తెల్లవారుతూనే విచ్చుకొని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. ఆ కాసేపట్లోనే మీరు మందు కొడుతున్నారు గనుక తేనెటీగలు మీ పెరటి వైపు రావడం లేదని నా నమ్మకం.

అసలు ఆ మచ్చలు తెగులో కాదో ముందు తేల్చుకోండి. ఆకు మీద వేలితో గట్టిగా రుద్దండి. పిండిలాంటిది వేలికి అంటితే అది బూడిద తెగులు. ఏమీ అంటకుండా ఈనెల మధ్య వెండి పూతలాంటి చారలు అలాగే ఉంటే అది ఆ రకానికి పుట్టుకతో వచ్చిన రంగు, దానికి ఏ మందూ అక్కర్లేదు. ఎర్ర పెంకు పురుగులు కనిపిస్తే పొద్దున్నే చేత్తో ఏరి సబ్బు నీటిలో వేయండి. తప్పనిసరై వేపనూనె కొట్టవలసి వస్తే, పువ్వులు ముడుచుకున్నాక సాయంత్రం కొట్టండి.

రేపు ఆరు, ఏడు గంటల మధ్య పెరట్లోకి వెళ్లి, అప్పుడే విచ్చుకున్న మగ పువ్వును కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా నాలుగు వైపులా రాయండి. ఒక మగ పువ్వు రెండు ఆడ పువ్వులకు చాలుతుంది. ఆకు కాడల నూగు ముళ్లు మోచేతి దాకా గీరుతాయి, పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవడం మేలు. పుప్పొడి అందిన పిందె వారం తిరిగేలోగా జానెడు కాయ అవుతుంది, అప్పుడే కోసేయాలి. మొక్క మీద ముదరనిస్తే తోలు గట్టిపడి, గింజ ముదిరి, కొత్త పిందెలు తగ్గిపోతాయి.

ఇక వంట సంగతి. జుకినీలో నూటికి 94 పాళ్ల దాకా నీరే, తోలూ లేతదే, అందుచేత దానికి కుక్కరు పనికిరాదు. చెక్కు తీయకుండా కాస్త పెద్ద ముక్కలుగా తరిగి, వెడల్పు మూకుడులో పోపు వేగాక పెద్ద మంట మీద మూత పెట్టకుండా అయిదారు నిమిషాలు వేయించి, ఉప్పు చివర్లో వేయండి. ముందే వేస్తే నీరంతా ఊరి ముక్క ఉడికిపోతుంది. మన ఇళ్లలో అరటికాయకు, పనసపొట్టుకు ఆవ పెట్టినట్టే దీనికీ పెట్టవచ్చు. ఆవాలు, ఎండుమిర్చి, నానిన బియ్యం కలిపి నూరిన ముద్దను పొయ్యి దించాకే కలపాలి, మంట మీద కలిపితే చేదెక్కుతుంది. నాకైతే జుకినీ వంటలన్నిటిలో ఇదే ఎక్కువ ఇష్టం. పెసరపప్పుతోనూ బాగుంటుంది, కాకపోతే పప్పు ముప్పాతిక ఉడికాకే ముక్కలు వేయాలి.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. తరిగేటప్పుడు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయను పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది. అది ఉడికినా పోదు, వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

పుప్పొడికి వాడగా మిగిలిన మగ పువ్వులను వృథా చేయకండి. ఇచ్ఛాపురం దాటితే ఒడియా ఇళ్లలో గుమ్మడి పువ్వును బియ్యప్పిండిలో ముంచి వేయిస్తారు. జుకినీ పువ్వూ అలాగే కరకరలాడుతుంది. లోపల చీమలు లేకుండా దులిపి, కోసిన పూటే వండుకోండి.