శనివారం వార్డుకెళ్ళే ముందు

కెజీయా తల్లీ, ప్రభువు నామంలో శుభాలు.

వచ్చే నెల నుంచి శనివారాలు చర్చి వాళ్ళతో కలిసి అడయారు కేన్సర్ ఆసుపత్రికి వెళ్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది. సీరియల్లో ఎవరైనా చనిపోతేనే రెండ్రోజులు అన్నం సహించని పిల్లవి.

పైపై జాగ్రత్తలు నీకు తెలిసినవే. జలుబు చేసిన వారం వెళ్ళకు. కీమో ఎక్కించాక వారం, రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, నీ తుమ్ము వాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. సెంటు, మల్లెపూలు వద్దు, ఆ వాసనకే వాంతి వస్తుంది కొందరికి. వార్డులో నర్సుని అడిగి లోపలికెళ్ళు. మంచం మీద కూర్చోకు. పావుగంటకి లేచిపో. ప్రార్థన చెయ్యమంటారా అని అడుగు, వద్దంటే నొచ్చుకోకు.

నా భయమంతా నీ నోటి గురించే. మనవాళ్ళు వార్డులో చేసే పెద్ద తప్పు ఒకటుంది: బాధకు కారణం చెప్పబోవడం. "దేవుడు పరీక్షిస్తున్నాడు", "ఒప్పుకోని పాపమేదో ఉందేమో", "విశ్వసిస్తే స్కానింగులో గడ్డే కనపడదు". చివరిది మరీ ప్రమాదం. అది నమ్మి కీమో మానేసినవాళ్ళు గడ్డ ముదిరాక తిరిగొస్తారు, రోగంతో పాటు "నా విశ్వాసం చాల్లేదు" అన్న నిందా మోసుకుంటూ. అద్భుతాలు చేసిన అపొస్తలుడు పౌలే తనతో తిరిగిన త్రోఫిమును మిలేతు పట్నంలో రోగిగా వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు ప్రభువు. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది విషయంలోనూ అదే మాట.

బిడ్డలందర్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారే, అంతవరకూ బంగారం. నోరు విప్పాకే చెడింది. చివర్లో దేవుడు తప్పుపట్టింది, తన మీద గొంతెత్తి అరిచిన యోబును కాదు, తన తరఫున వాదించిన వీళ్ళని. నీ పేరు యోబు గ్రంథం చివరి అధ్యాయంలోదే, అతని కూతురిది. మళ్ళీ పదిమంది బిడ్డలు పుట్టారు గనక పోయిన పదిమంది లెక్క సరిపోయిందని అక్కడ ఎక్కడా రాయలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "దేవుడు మళ్ళీ ఇస్తాడులే" అన్నావో, చెవి మెలేస్తాను.

మరి ఏం చదవాలంటావా? 13వ కీర్తన. ఆరే వచనాలు. మొదటి రెండింట్లోనే నాలుగుసార్లు ఎన్నాళ్ళు, ఎంతవరకు అని కీర్తనకారుడు దేవుణ్ణే నిలదీస్తాడు. నమ్మిక మాట ఐదో వచనంలోగాని రాదు. రోగి అక్కడిదాకా రాలేకపోతే నాలుగో వచనం దగ్గరే ఆపెయ్యి. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే. దేవుడితో పోట్లాడేవాడు దేవుణ్ణి వదిలెయ్యలేదు.

చెడును చెడు అనడానికి జంకకు. మరణాన్ని బైబిలు కడపటి శత్రువంటుంది, దేవుడి బహుమానం అనదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు ఏడ్చాడు. మీ మేడ మీంచి పరంగిమలై కొండ కనిపిస్తుందే, ప్రభువు శిష్యుడు తోమా అక్కడే చనిపోయాడంటారు. ఆ తోమాకు, చనిపోయి తిరిగి లేచిన ప్రభువు చూపించింది మానని గాయాల గుర్తులనే. మన నిరీక్షణ అలాంటిది, గాయమే లేదనేది కాదు.

ఏదో ఒక శనివారం ఒక మంచం ఖాళీగా ఉంటుంది. ఆ రోజు నీకు దేవుడి మీదే కోపమొస్తుంది. రానీ. చావాలనుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి పెట్టాడు. నువ్వూ ముందు తిని పడుకో, బైబిలు తెల్లారి తియ్యొచ్చు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం పాస్టరుగారికీ చెప్పు, డాక్టరుకీ చూపించుకో. అది విశ్వాసలోపం కాదు.

ఇంకొకటి. రోగి పక్కనున్న మనిషిని మర్చిపోకు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి, తమిళం రాక, వరండాలో పడుకునేవాళ్ళుంటారు. పొద్దున్నించీ ఏమైనా తిన్నారా అని అడుగు. నీకు తమిళం వచ్చు కదా, ల్యాబు దగ్గర వాళ్ళ బదులు క్యూలో నిలబడు.

ప్రేమతో,
పెద్దమ్మ